తమ్ముడి మీద కేసు, అక్క ఇల్లు అటాచ్‌మెంట్‌లో: ఒక పీఎంఎల్ఏ ఫైలు కథ

కూతురి పేరున ఇల్లు గిఫ్ట్ డీడ్ చేద్దామని స్లాట్ బుక్ చేసుకుని వెళ్లిన రోజే టీచరుగారికి సంగతి తెలిసింది. డాక్యుమెంట్ రైటర్ ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసి, చివరి ఎంట్రీ మీద పెన్ను పెట్టి, "అమ్మా, ఇది అటాచ్‌మెంట్‌లో ఉంది, రిజిస్ట్రేషన్ కాదు" అన్నాడట. "నా మీద కేసేమీ లేదు కదా" అని ఆవిడ అతన్ని మూడుసార్లు అడిగారట. మర్నాడు నా ఆఫీసులో కూర్చుని అదే ప్రశ్న నాలుగోసారి అడిగారు.

ఆవిడ మీద కేసు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కేసు తమ్ముడి మీద. ఇల్లు మాత్రం ఇద్దరి పేరు మీద ఉంది.

పీఎంఎల్ఏ, అంటే మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద ఇలాంటి ఫైళ్లు వకీలుగా నా దగ్గరకు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. నేను చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది కాబట్టి దీన్నే ఎంచుకున్నాను. ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆవిడ రంగారెడ్డి జిల్లాలో జడ్పీ హైస్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త ఆర్టీసీలో మెకానిక్, 2017లో పోయారు. సాగర్ రోడ్డు వైపు 200 గజాల స్థలం 2009లో కొన్నారు, 14 లక్షలకు. అందులో బ్యాంకు లోన్ 8 లక్షలు, జడ్పీ ప్రావిడెంట్ ఫండ్ (జడ్పీపీఎఫ్) నుంచి తీసింది 3 లక్షలు, బంగారం అమ్మితే వచ్చింది లక్ష. మిగతా 2 లక్షలు తమ్ముడు ఇచ్చాడు. అప్పట్లో అతను ప్రైవేటు కంపెనీలో జీతగాడు. లోనుకు కో-అప్లికెంట్ కావాలని బ్యాంకు అడగడంతో అతన్ని పెట్టారు, అదే ఊపులో సేల్ డీడ్‌లోనూ ఇద్దరి పేర్లు రాయించారు. ఎవరి వాటా ఎంతో డీడ్‌లో లేదు. అక్కాతమ్ముళ్ల మధ్య వాటాల లెక్కలు ఎవరు రాసుకుంటారు?

భర్త రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీతో 2011లో గ్రౌండ్ ఫ్లోర్ వేశారు. 2018లో తమ్ముడు పైన రెండు అంతస్తులు వేశాడు. మొదటి అంతస్తులో తను కాపురం పెట్టి, రెండోది అద్దెకిచ్చి, "అక్కా, ఆ అద్దె నువ్వే తీసుకో" అన్నాడు. అప్పటికి అతను ఒక పెట్టుబడుల సంస్థలో డైరెక్టరు. ఆ సంస్థ 2016 నుంచి జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంది. 2021లో చెల్లింపులు ఆగిపోయాయి. ఐపీసీ 420 కింద, డిపాజిటర్ల రక్షణ కోసం ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 1999 చట్టం కింద పోలీసు కేసు పడింది. 420 పీఎంఎల్ఏ షెడ్యూల్‌లో, అంటే మనీ లాండరింగ్ కేసుకు ఆధారమయ్యే నేరాల జాబితాలో ఉన్న నేరం. దాంతో ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) మనీ లాండరింగ్ దర్యాప్తు మొదలై, మొత్తం ఇల్లు, నేలతో సహా ప్రొవిజనల్ (తాత్కాలిక) అటాచ్‌మెంట్‌లోకి వెళ్లింది.

నిజానికి ఆ ఆర్డరు చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు. రికార్డులో నిందితుడి పేరుంది, పై అంతస్తుల కాంట్రాక్టరుకు సంస్థ అకౌంట్ నుంచి 22 లక్షలు వెళ్లాయి. ఆ కాగితాలు చూసినవాళ్లెవరైనా ముందు అటాచ్ చేస్తారు, మిగతాది తర్వాత తేలుతుంది. ఆ తేల్చుకునే పని మనదే.

ముందు టెన్షన్ తగ్గించాలి. అటాచ్‌మెంట్ అంటే ఇల్లు పోయినట్టు కాదు. అమ్మడం, గిఫ్ట్ ఇవ్వడం, తాకట్టు పెట్టడం కుదరదు, అంతే. సెక్షన్ 5(4) ప్రకారం అందులో ఉంటున్నవాళ్లు ఉండొచ్చు. ప్రొవిజనల్ ఆర్డరు బతికేది 180 రోజులే. ఆర్డరు ఇచ్చిన 30 రోజుల్లో ఈడీ, అటాచ్‌మెంట్ నిలవాలో లేదో తేల్చే ఢిల్లీలోని అడ్జుడికేటింగ్ అథారిటీ ముందు ఫిర్యాదు వేయాలి, దాన్ని మేం ఓసీ (ఒరిజినల్ కంప్లైంట్) అంటాం. అథారిటీ సెక్షన్ 8(1) కింద కనీసం 30 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఏ ఆదాయంతో, ఏ ఆస్తులతో దీన్ని సంపాదించావో ఆధారాలతో చెప్పమని అడుగుతుంది. ఆస్తి ఉమ్మడిదైతే హక్కుదారులందరికీ నోటీసు వెళ్లాలి. నోటీసు అందనివాళ్లు కూడా ఆస్తి తమదని ముందుకొస్తే, వాళ్ల మాట వినాలని 8(2) చెబుతుంది. 180 రోజుల్లో కన్ఫర్మ్ కాకపోతే అటాచ్‌మెంట్ దానంతటదే పోతుంది. అందుకే అక్కడ నెలల తరబడి వాయిదాలు ఆశించకూడదు.

టీచరుగారికి రావాల్సిన నోటీసు 2009 డీడ్‌లో ఉన్న పాత అద్దె ఇంటి అడ్రస్‌కు వెళ్లింది. ఆవిడ నా దగ్గరకు వచ్చేసరికి విచారణ తేదీకి 11 రోజులుంది. నోటీసు అందలేదని, ఉమ్మడి హక్కుదారు అని రాసి, మొత్తం ఓసీ, అందులో ఆధారపడిన పత్రాల సెట్టు ఇప్పించమని అడిగాం. కాపీలు వచ్చాయి, కొన్ని వారాల టైం దొరికింది.

ఈలోపు ఊళ్లో సలహాదారులు ఊరుకోరు కదా. పాత స్టాంపు పేపరు సంపాదించి, 2015 తేదీతో తమ్ముడు తన వాటా అక్కకు వదిలేసినట్టు రాసుకుందామని ఒక బ్రోకర్ బంధువు చెప్పాడు. స్టాంపు వెండర్ రిజిస్టరు, సీరియల్ నంబరు ఒక్కసారి చూస్తే చాలు, ఉన్న కేసు పోయి కొత్త కేసు మొదలవుతుంది. అదీ ఈసారి ఆవిడ మీద. ఇంకొకాయన సివిల్ కోర్టులో పార్టిషన్ దావా వేసి స్టే తెచ్చుకోమన్నాడు. ఈ చట్టం కింద అథారిటీ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టుకు సెక్షన్ 41 అడ్డు. పైగా నిందితుడైన తమ్ముడితో అక్క అప్పుడు పార్టిషన్ చేసుకుంటే చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది?

మాకు దొరికిన సెట్టులో 41వ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. అది ఆవిడ ఈడీ అధికారుల ముందు ఇచ్చిన సెక్షన్ 50 వాంగ్మూలం. మూడు నెలల ముందు సమన్లు వస్తే ఎవరికీ చెప్పకుండా ఒక్కరే వెళ్లొచ్చారట. ఇల్లు ఎవరు కట్టించారు అన్న ప్రశ్నకు జవాబు: "ఇల్లంతా మా తమ్ముడే కట్టించాడు." కింద ఆవిడ సంతకం. రాసుకున్నవాళ్ల తప్పేమీ లేదు, ఆవిడ చెప్పిందే రాశారు.

"ఇలా ఎందుకు చెప్పారమ్మా?"

"నిజమే కదా సార్. మావారికి అప్పటికే షుగరు, నడవలేరు. నేను బడికి పోయేదాన్ని. సిమెంటు దింపించడం, మేస్త్రిని పట్టుకురావడం, నీళ్లు కొట్టించడం అన్నీ వాడే దగ్గరుండి చూసుకున్నాడు."

మన మాటలో 'కట్టించాడు' అంటే డబ్బు పెట్టాడనీ అవుతుంది, దగ్గరుండి చూసుకున్నాడనీ అవుతుంది. ఇంగ్లీషులోకి వెళ్లాక అందులో ఒకే అర్థం మిగిలింది. ఈ దర్యాప్తులో అధికారులు పోలీసులు కారని సుప్రీంకోర్టు 2022 జులై 27న విజయ్ మదన్‌లాల్ చౌదరి తీర్పులో చెప్పింది. కాబట్టి ఈ వాంగ్మూలాలకు బరువుంటుంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం అని రాయడం నాకు ఇష్టంలేదు, అబద్ధం చెప్పి మాట మార్చినట్టు ఉంటుంది. ఆ వాక్యాన్ని అలాగే ఒప్పుకుని, 2011 నాటి డబ్బు దారి చూపించి, తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థం వివరించాం. సమన్లు ఎవరికి వచ్చినా నేను చెప్పేది ఒకటే. దాచకండి, అలాగని ఇల్లు, పొలం గురించి నోటి లెక్కలు చెప్పకండి. "కాగితాలు చూసి చెబుతాను" అనడం నేరం కాదు.

ఇక కాగితాలు. సేల్ డీడ్ చూపిస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. ఈ చట్టం ముందు డీడ్ పెద్దగా మాట్లాడదు. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది వాళ్లకు ముందే తెలుసు. ఏ రూపాయి, ఏ తేదీన, ఎవరి కష్టం నుంచి వచ్చిందన్నదే అక్కడి ప్రశ్న. సెక్షన్ 24 ప్రకారం మనీ లాండరింగ్ అభియోగం ఉన్నవాడి విషయంలో కాదని రుజువయ్యేదాకా నేరపు సొమ్ముకు లాండరింగ్‌తో సంబంధం ఉందనే అథారిటీ భావించాలి. మిగతావాళ్ల విషయంలో భావించవచ్చు. ఆ 'వచ్చు' అన్న మాటలో దొరికిన సందులోంచే మనం దూరాలి.

బ్యాంకులో 2009 నాటి స్టేట్‌మెంట్ దొరకలేదు. ఆ బ్రాంచి తర్వాత వేరే బ్యాంకులో కలిసిపోయింది. ఆవిడ మాత్రం పాస్‌బుక్కులన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టుకున్నారు. డాట్ మ్యాట్రిక్స్ అచ్చు సగం వెలిసిపోయి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనపడదు. జీతం పడిన మూడో రోజు 10 వేల చిల్లర ఈఎంఐ, నెల నెలా. లోను 2020లో తీరేవరకు 132 వాయిదాలు. నా జూనియర్ రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటి టిక్కు పెట్టింది. 129 ఆవిడ జీతం అకౌంట్ నుంచే. మూడు మాత్రం 2012లో తమ్ముడు కట్టాడు. ఆ మూడూ మా జవాబులో మేమే రాశాం.

అన్నిటికంటే గట్టి కాగితం ఆవిడ సర్వీసు ఫైల్లో దొరికింది. ప్రభుత్వ ఉద్యోగి స్థిరాస్తి కొంటే 1964 కాండక్ట్ రూల్స్ 9వ రూలు కింద పైఅధికారికి చెప్పాలి. ఆవిడ అప్పట్లో హెడ్‌మాస్టర్ ద్వారా డీఈఓకు పెట్టుకున్న అర్జీ ఉంది. 'బ్యాంకు ఋణము 8 లక్షలు, జడ్పీపీఎఫ్ 3 లక్షలు, బంగారము అమ్మకము 1 లక్ష, సోదరుని వద్ద 2 లక్షలు' అని స్వదస్తూరీతో ఉంది, ఇన్‌వర్డ్ నంబరుతో, ఆఫీసు ముద్రతో. ఆ సంస్థ పుట్టడానికి ఏడేళ్ల ముందు రాసిన కాగితం అది. ఇప్పుడు కేసు కోసం అల్లారని ఎవరూ అనలేరు. టీచర్లకు, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు ఇలాంటి ఫైలొస్తే నేను ఇప్పుడు మొదట అడిగేది సర్వీసు ఫైలే.

అంతస్తులు విడదీయడానికి కరెంటు మీటర్లు పనికొచ్చాయి. కింది మీటరు కనెక్షన్ తేదీ 2011, పై రెండిటివీ 2018. ఆస్తి పన్ను అసెస్‌మెంట్ కూడా అదే ఏడు పెరిగింది. భర్త పీఎఫ్, గ్రాట్యుటీ జమలు, ఆ తర్వాతి విత్‌డ్రాయల్స్ పక్కన పెట్టి రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత గ్రౌండ్ ఫ్లోర్‌కు విడిగా లెక్క వేయించాం.

న్యాయవాదన దగ్గర మూడు మెట్లు పెట్టుకున్నాం. సుప్రీంకోర్టు 2023 నవంబర్ 29న పావనా దిబ్బూర్ కేసులో, షెడ్యూల్ నేరం జరగకముందే కొన్న ఆస్తిని ఆ నేరపు సొమ్ముతో ముడిపెట్టలేమని చెప్పింది. మా స్థలం 2009ది, గ్రౌండ్ ఫ్లోర్ 2011ది, నేరం మొదలైందని చెబుతున్నది 2016. ఇక్కడితో అయిపోదు. నేరపు సొమ్ము నిర్వచనంలో 'అంతటి విలువ గల ఆస్తి' అన్న ముక్క ఉంది. అసలు సొమ్ము దొరక్కపోతే దానికి సరిపడా వేరే ఆస్తి మీద పడొచ్చు. ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో యాక్సిస్ బ్యాంక్ కేసులో దీన్ని విడమరిచి, నిజాయితీగా ముందే హక్కు సంపాదించిన మూడో వ్యక్తికి రక్షణ ఉండాలని కూడా చెప్పింది. మేం దాన్ని పట్టుకున్నాం. విలువ కింద తీసుకోవాలంటే ఆ సొమ్ము ముట్టినవాడి ఆస్తి తీసుకోవాలి. తమ్ముడి వాటా తీసుకోండి. అక్కది ఎందుకు?

నిందితుడు కానివాళ్ల చేతిలో ఉన్న ఆస్తినీ అటాచ్ చేయొచ్చని మన హైకోర్టే 2011లో, సత్యం వ్యవహారంలోంచి వచ్చిన బి.రామరాజు కేసులో తేల్చింది. కాబట్టి 'నేను నిందితురాలిని కాను' అన్నది వాదన కాదు. నా డబ్బుతో కొన్నాను అన్నదే వాదన.

మూడో మెట్టు వాటాది. ఆవిడ వేరే వకీలు దగ్గర ముందే ఒక డ్రాఫ్టు రాయించుకుని తెచ్చారు. అందులో 'తమ్ముడి పేరు ఊరికే పెట్టాం, ఆస్తి మొత్తం నాదే' అని ఉంది. చూడగానే పక్కన పడేశాను. 'ఊరికే పేరు పెట్టాం' అన్న మాట బినామీ చట్టానికి ఆహ్వానపత్రిక. సోదరుడి పేరు ఉమ్మడి యజమానిగా పత్రంలో ఉండి, డబ్బు తెలిసిన ఆదాయం నుంచి పెట్టి ఉంటే ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, నిజమే. ఉన్నంత మాత్రాన మనంతట మనం ఆ గుమ్మం ఎక్కనక్కర్లేదు. పైగా తమ్ముడు 2 లక్షలు నిజంగా పెట్టాడు.

దారి ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 45లో ఉంది. ఇద్దరు వేర్వేరు సొమ్ములు పెట్టి ఒక ఆస్తి కొంటే, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలోనే హక్కు. ఆధారం లేకపోతే సమానం అనుకోవాలి. 14లో 12 ఆవిడవి, అంటే ఏడింట ఆరు వంతులు. నేల ఒకరిది, దాని మీది కట్టడం వేరొకరిది కావడం మన దేశపు చట్టంలో చెల్లుతుంది కాబట్టి, పై అంతస్తులను నేల నుంచి విడదీసి చూడమన్నాం.

ఇక మాకు నచ్చని కాగితాలు. 2019లో తమ్ముడి అకౌంట్ నుంచి ఆవిడకు లక్షన్నర వచ్చింది, కూతురి పెళ్లి ఖర్చుకు. రెండో అంతస్తు అద్దె నెలకు 9 వేలు ఆవిడ అకౌంట్లోనే పడుతోంది. 22 లక్షల దొంగ సొమ్ముతో కట్టిన అంతస్తు నుంచి వచ్చే అద్దె కూడా ఆ సొమ్ము పిల్లే. ఈ రెండూ మేమే ముందుగా చెబుదామన్నాను. అద్దె ఇక తీసుకోవద్దని, వేరే అకౌంట్‌లో ముట్టకుండా ఉంచాలని అన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది.

"పెన్షన్‌తో పాటు ఆ తొమ్మిది వేలే సార్ నాకు ఆధారం."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అన్నారు: "మా స్కూలు టీచర్లు ముగ్గురు ఆ కంపెనీలో డబ్బు కట్టారు. నా తమ్ముడని నమ్మి." ఆ మాట తర్వాత నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అటాచ్ అయిన ఆస్తి చివరికి సెక్షన్ 8(8) కింద నష్టపోయినవాళ్లకు చేరే అవకాశం ఉంది. ఆ వరుసలో ఆ ముగ్గురూ ఉంటారు. మూడో పార్టీ తరఫున వాదించేటప్పుడు ఇది మర్చిపోకూడదని నా అభిప్రాయం. వాళ్లది వాళ్లకు వదిలేస్తేనే మనది మనకు ఇమ్మని గొంతెత్తి అడగ్గలం.

విచారణ రెండు వాయిదాల్లో ముగిసింది. అవతలి వకీలు లోను మీద పట్టుబట్టారు. ఇద్దరూ సంతకం పెట్టిన లోను కాబట్టి 8 లక్షల్లో సగం తమ్ముడిదే అన్నారు. మేం పాస్‌బుక్ చూపించాం. మేమే ఒప్పుకున్న మూడు వాయిదాల గురించి ఆయన అడగబోయి, మా జవాబులో ఆ పేరా చూసి వదిలేశారు.

ఆర్డరులో గ్రౌండ్ ఫ్లోర్ పూర్తిగా విడుదలైంది. పై రెండు అంతస్తులకు అటాచ్‌మెంట్ కన్ఫర్మ్ అయింది, అది ఊహించిందే. నేల దగ్గర మాత్రం సగమే ఇచ్చారు. డీడ్‌లో వాటాలు లేవు, కాబట్టి సమానం అన్నారు.

ఇక్కడే నా తప్పు. సెక్షన్ 45 వాదన నా జవాబులో 14వ పేజీలో, ఒక్క పేరాలో ఉంది. అంకెలు అనుబంధంలో ఎక్కడో ఉన్నాయి, రెండిటినీ కలిపే పట్టిక లేదు. నా దృష్టంతా పావనా దిబ్బూర్ మీద, ఆ కరెంటు మీటర్ల మీద ఉంది. మొత్తం విడిపించాలన్న ఆత్రంలో, ఎంత వాటా అన్న చిన్న లెక్కను చిన్నగానే చూశాను. ఎవరు ఎంత పెట్టారు, ఏ తేదీ, ఏ కాగితం, ఏ పేజీ అన్న ఒక్క పేజీ పట్టిక జవాబులో మొదటి పేజీగా ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి ఫైల్లో అదే మొదటి పేజీ.

ఆర్డరు చేతికందిన 45 రోజుల్లో సెక్షన్ 26 కింద అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. నేల తేడా మీద వెళ్లాం. ఆ పట్టిక పెట్టాం. అది నడుస్తోంది. కన్ఫర్మ్ అయ్యాక సెక్షన్ 8(4) కింద స్వాధీనం చేసుకోవచ్చు గానీ, క్రిమినల్ కేసు విచారణ ముగియకముందే ఆ పని మామూలుగా చేయకూడదని, అరుదుగా మాత్రమే చేయాలని 2022 తీర్పు చెప్పింది. ఉమ్మడి ఆస్తి అయితే నిందితుడి వాటాకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసుకునే వీలు 2013 నాటి స్వాధీనపు రూల్స్‌లో ఉంది. అంత డబ్బు ఆవిడ దగ్గర లేదు. కూతురు, అల్లుడు ఆలోచిస్తున్నారు. డిపాజిటర్ల చట్టం కింద కూడా ఇదే ఇంటి మీద విడిగా అటాచ్‌మెంట్ ఉందేమో చూశాం, లేదు. ఉంటే అక్కడి స్పెషల్ కోర్టులో వేరే అభ్యంతరం వేయాల్సి వచ్చేది. ఒక తలుపుకు రెండు తాళాలున్నప్పుడు ఒకటి తీసి సంబరపడేవాళ్లను చూశాను.

గిఫ్ట్ డీడ్ అలాగే ఆగి ఉంది. మొన్న దసరాకు ముందు టీచరుగారు ఫోన్ చేశారు.

"సార్, కింద పోర్షనుకు సున్నాలేయించి ఏడేళ్లయింది. రంగు వేయించుకోవచ్చా, దానికీ పర్మిషన్ కావాలా?"

"వేయించుకోండమ్మా. పెయింటు బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. పెయింటర్‌కు కూడా మీ అకౌంట్ నుంచే ఫోన్‌పే చేయండి."

"బిస్కెట్ల డబ్బాలో పెడతాను సార్" అన్నారు.